ఇంట్లో కార్పెంటరీ షాపుకి చోటు ఎలా ఎంచుకోవాలి

ఇంట్లో చెక్క పని చేసుకోవడానికి షాపు పెట్టుకుంటుంటే, మిషన్లు కొనకముందే చోటు తేల్చుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఏదో సేల్‌లో టేబుల్ సా (బల్ల మధ్యలోంచి రంపం బ్లేడు పైకి వచ్చే మిషన్) చవగ్గా వస్తోందని ఆర్డర్ పెట్టేస్తారు, పెట్టె ఇంటికొచ్చాక దాన్ని హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి మెట్ల కిందికి జరుపుతూ పోతారు, ఆర్నెల్లు తిరిగేసరికి దాని మీద దుప్పటి కప్పి ఇస్త్రీ చేయాల్సిన బట్టలు పెట్టుకుంటూ ఉంటారు. మిషన్‌లో లోపమేం ఉండదు. దాని వెనకాల చెక్క బయటికి రావడానికి జాగా లేదు, అంతే.

చోటు అనగానే అందరూ చదరపు అడుగుల్లో చెబుతారు. "పది బై పన్నెండు గది ఉందండీ, సరిపోతుందా?" అని అడుగుతారు. నేనైతే వేరే మూడు సంగతులు అడుగుతాను. కర్ర గేటు దగ్గర ఆటో దిగిన దగ్గర్నుంచి వస్తువై బయటికి వెళ్లేదాకా ఎటు నడుస్తుంది? కోసినప్పుడు లేచే పొట్టు ఎటు పోతుంది? చప్పుడు ఎవరి చెవిన పడుతుంది? ఈ మూడింటికీ జవాబు దొరికిన చోటు ఎనిమిది బై ఎనిమిది అయినా పని నడుస్తుంది, దొరకని చోటు ఇరవై అడుగులున్నా నాలుగు రోజుల్లో విసుగొస్తుంది.

మేస్త్రీలు సైటు మీద ఎక్కడ పడితే అక్కడ చేసేస్తారు కదా అంటారేమో. నిజమే, కానీ వాళ్లు చేసేది ఇంకా ఎవరూ దిగని ఇంట్లో, తలుపులు కూడా బిగించని గదుల్లో. రెండు నెలలు పొట్టులో మునిగి పనిచేసి వెళ్లిపోతారు. మీరు అదే ఇంట్లో వండుకోవాలి, పడుకోవాలి, పిల్లల్ని చదివించుకోవాలి.

ముందు ఏం చేస్తారో తేల్చుకోండి

ఇది తేలకుండా చోటు వెతకడం దండగ. చెక్క పని అంటే మూడు రకాల పనులు, మూడింటికీ కావాల్సిన జాగా వేర్వేరు.

మొదటిది చేతిపని. చిన్న పెట్టెలు, గరిటెలు, బొమ్మలు, పీటలు. ఉలి, సుత్తి, చిత్రిక, రెండు రంపాలు, చెక్కల్ని బిగించి పట్టుకునే సీ క్లాంపులు నాలుగు ఉంటే చాలు. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లు తెల్లపొణికి కర్రని ఇంటి దగ్గరే, కింద కూర్చుని చెక్కుతారు. ఆ కర్ర మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, పనిముట్లు ఒళ్లో పట్టేన్ని. మన వడ్రంగులు కూడా తరతరాలుగా నేల మీద కూర్చుని, కర్రని కాలితో అదిమిపట్టి పనిచేసినవాళ్లే, ఎత్తు బల్ల తర్వాత వచ్చింది. ఈ రకం పనికి నాలుగడుగుల బల్ల, దాని ముందు మీరు నిలబడి చేతులు ఆడించడానికి మూడడుగులు, పనిముట్లు తగిలించడానికి ఒక గోడ కావాలి. మొత్తం ఆరు బై ఏడు. అపార్ట్‌మెంటు బాల్కనీ కూడా పనికొస్తుంది.

రెండోది గట్టి కర్రతో ఫర్నిచర్. టేకు, వేప, మామిడి, నల్లమద్ది, ఇలాంటివాటితో బల్లలు, స్టూళ్లు, కుర్చీలు, మంచాలు. ఇక్కడ ఆరేడు అడుగుల పలకలు వస్తాయి, వాటిని చదును చేయాలి, అతికించాలి, అతికించాక రాత్రంతా క్లాంపుల్లో వదిలేయాలి. ఈ ఆఖరి సంగతి చాలామందికి తట్టదు. సగం చేసిన టేబుల్ టాప్ పరుచుకుని ఉన్న బల్లని మీరు ఖాళీ చేయలేరు, అది మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది. అందుకే దీనికి కనీసం పది బై పన్నెండు, అదీ సాయంత్రానికి సర్దేయక్కర్లేని చోటు కావాలి. రోజూ సర్దేసి మళ్లీ పరుచుకునే చోట ఫర్నిచర్ పని సాగదు. ఆదివారం పొద్దున్నంతా సర్దడానికే పోతుంది.

మూడోది ప్లైవుడ్ పని, అంటే వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్లు, కిచెన్. దీని సంగతి సూటిగా చెప్పేస్తాను: ఎనిమిది బై నాలుగు షీట్లని ఇంట్లో కోయాలనుకుంటే పెద్ద షెడ్డు కావాలి, లేదంటే కోత బయట చేయించుకోండి. చాలా పట్టణాల్లో ప్యానెల్ సా (పెద్ద షీట్లని కోసే మిషన్) ఉన్న ప్లైవుడ్ షాపులో, మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్లో కొలతలు రాసిస్తే కోసి ఇస్తారు. ఇంటికి ముక్కలు తెచ్చుకుంటే మీకు మిగిలేది అంచులు అతికించడం, కన్నాలు వేయడం, బిగించడం. రెండు వందల చదరపు అడుగుల పని ఎనభైలో అయిపోతుంది, కోత కూడా మీ చేతి సర్క్యులర్ సా కంటే నీటుగా వస్తుంది. షీట్లు ఇంట్లోనే కోయాలన్న పట్టుదల వల్ల అనవసరంగా పెద్ద చోటు వెతుక్కుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారని నా అభిప్రాయం.

ఎనిమిది అడుగుల పైపు పట్టుకుని నడవండి

ఎలక్ట్రికల్ షాపులో పీవీసీ కండ్యూట్ పైపు మూడు మీటర్ల పొడవులో దొరుకుతుంది. ఒకటి కొని ఎనిమిది అడుగులకి కోయించండి. దాన్ని అడ్డంగా, పలక మోసినట్టు పట్టుకుని గేటు దగ్గర్నుంచి మీరనుకున్న చోటు దాకా నడవండి. మెట్ల మలుపులో తిరిగిందా? లిఫ్టులో పట్టిందా? మన అపార్ట్‌మెంటు లిఫ్టుల్లో ఎనిమిది అడుగుల కర్ర నిలువుగా పట్టడం చాలా అరుదు, ఏటవాలుగా పెడితే ఒక్కోసారి పడుతుంది. షీటు అయితే నాలుగడుగుల వెడల్పు కూడా ఉంది కాబట్టి ఆ ఆశ వదులుకోండి, మెట్ల మీదే మోయాలి. పద్దెనిమిది ఎంఎం షీటు ఒక్కోటి ముప్పై, ముప్పై అయిదు కిలోలు తూగుతుంది, హమాలీలు అంతస్తుకింత అని అడుగుతారు, న్యాయమే. పిట్టగోడ మీంచి తాడు కట్టి లాగేద్దాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. గాలి కాస్త వీచినా షీటు తెరచాపలా తిరిగిపోతుంది, కింద మనుషులు తిరుగుతుంటారు.

తిరుగు దారి కూడా చూడండి. లోపలికి ముక్కలుగా వెళ్లింది బయటికి బీరువాగా రావాలి. గుమ్మం వెడల్పు కొలిచి గోడ మీదే పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి, డిజైన్ చేసేటప్పుడు కళ్ల ముందు ఉంటుంది.

మన ఇళ్లలో దొరికే చోట్లు

సొంత ఇల్లయితే నా మొదటి ఓటు కింద, ఇంటి పక్క సందుకి లేదా కారు నిలిపే పోర్టికోకి. సందు నాలుగైదు అడుగులే ఉంటుంది, పొడవు ముప్పై నలభై ఉంటుంది. ఆ ఆకారం చూసి చాలామంది పక్కన పెట్టేస్తారు, కానీ పొడవాటి కర్రకి కావాల్సింది పొడవాటి జాగానే. గోడ వారగా రెండడుగుల బల్ల వేసి మిటర్ సా (కర్రని అడ్డంగా కోసే మిషన్) మధ్యలో పెడితే ఎడమ వైపు పదడుగుల పలక, కుడి వైపు ఎనిమిది అడుగుల పలక హాయిగా ఆనుతుంది, ఈ సుఖం చదరపు గదిలో దొరకదు. పైన రేకు గానీ పాలీకార్బొనేట్ షీటు గానీ వేసుకోవాలి. అయితే ఆ సందు పక్కింటి గోడకి ఆనుకుని ఉంటుంది, చప్పుడు రెండు గోడల మధ్య మారుమోగుతుంది. వాళ్ల పడకగది కిటికీ అటే ఉంటే ఇంకో చోటు చూసుకోవడం మంచిది. సెప్టిక్ ట్యాంకు మూత, నీళ్ల సంపు మూత ఎక్కడున్నాయో కూడా చూసుకోండి, వాటి మీద మిషన్ పెట్టి బిగించేశాక సంపు కడగాల్సిన రోజు వస్తుంది.

డాబా మీద రేకుల షెడ్డు అందరికీ మొదట తట్టే ఆలోచన. వెలుతురు బాగుంటుంది, చోటు దండిగా ఉంటుంది, పొట్టు గాలికి పోతుంది. కానీ నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది బరువు. మనుషులు తిరిగే డాబా స్లాబుని మన ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకి సుమారు 150 కిలోల అదనపు భారానికి డిజైన్ చేస్తారు, ఇంటి లోపలి గదులకి 200. ఒక మనిషి, ఒక బల్ల, ఒక డ్రిల్ స్టాండు దీనికి లెక్కలోవి కాదు. అసలు బరువు కర్రది. పది ప్లైవుడ్ షీట్లు గోడకి నిలబెడితే మూడు వందల కిలోల పైనే, అదంతా నేల మీద జానెడు వెడల్పు పట్టీ మీద పడుతుంది. టేకు దుంగలు కోయించి ఆరబెట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి కర్ర దొంతిని, బరువైన మిషన్‌ని స్లాబు మధ్యలో కాకుండా కింద బీము, గోడ ఉన్న వరసలో పెట్టండి. కింది అంతస్తులో గోడలు ఎక్కడున్నాయో కొలుచుకుని పైన సుద్దతో గీసుకుంటే తెలిసిపోతుంది. పాత ఇల్లయితే, స్లాబు కింద పెచ్చులు ఊడుతుంటే ఇంజనీరుకి చూపించకుండా ఏదీ ఎక్కించకండి.

రెండోది వాలు. వాననీళ్లు గొట్టం వైపు పోవడానికి డాబాకి వాలు పెడతారు, కంటికి కనిపించదు. బల్ల వేశాక ఒక గోలీ పెట్టి చూడండి, ఎటు దొర్లుతుందో. బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టి మట్టం చేసుకోవచ్చు, కానీ చక్రాల మీద పెట్టిన మిషన్ మాత్రం బ్రేకు వేయకపోతే దానంతటదే గొట్టం వైపు బయల్దేరుతుంది.

మూడోది ఎండ. మే నెల రెండింటప్పుడు రేకు కింద నిలబడలేం. రేకు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేస్తే కాస్త నయం, పఫ్ ప్యానెల్ (మధ్యలో ఫోమ్ ఉన్న రేకు) వేస్తే ఇంకా నయం, ఖర్చు ఎక్కువ. ఇక్కడ వాస్తు కూడా వచ్చి కలుస్తుంది. బరువు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అంటారు కాబట్టి మేడ మీద షెడ్డు దాదాపు ఎప్పుడూ నైరుతి మూలే లేస్తుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ పడేదీ, నైరుతి రుతుపవనాల జల్లు నేరుగా కొట్టేదీ ఆ మూలే. వాస్తు పాటిస్తారా లేదా అన్నది మీ ఇష్టం, నేను అందులోకి వెళ్లను. అక్కడే కట్టాల్సి వస్తే పడమర, దక్షిణం వైపు గోడలు మూసేసి కిటికీలు ఉత్తరానికి, తలుపు తూర్పుకి పెట్టుకోండి. ఉత్తరపు వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, నీడలు పడవు, గీత మీద రంపం పెట్టేటప్పుడు తేడా తెలుస్తుంది.

నాలుగోది గాలి. కోస్తాలో ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రేకులు ఎలా లేచిపోయాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రేకుని పైపుకి, పైపుని పిట్టగోడకి కాదు, స్లాబుకి యాంకర్ బోల్టులతో బిగించాలి. ఇప్పటికే సిమెంటు రేకుల షెడ్డు ఉంటే ఆ రేకుల్ని కోయడం, వాటికి డ్రిల్ వేయడం మీరు పెట్టుకోకండి, చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

అపార్ట్‌మెంటులో డాబా అందరిదీ, అసోసియేషన్ ఒప్పుకోకుండా అక్కడ ఏమీ పెట్టలేరు. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో మీ కారు చోటు మీదే అయినా దాన్ని పార్కింగ్‌కే వాడాలని బిల్డింగ్ రూల్స్ చెబుతాయి, పైగా చుట్టూ పెట్రోలు బళ్లు. ఆదివారం ఒక గంట బల్ల వేసుకుని చిన్న పని చేసుకుంటే వాచ్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు, దాన్ని షాపు అనుకోకండి. సెల్లారు వద్దు. గాలి ఆడదు, వానాకాలం నీళ్లొస్తాయి. ఖాళీ పడకగది చేతిపనికి బాగుంటుంది, మిషన్లకి కాదు. ఇంటిల్లిపాదీ పీల్చేది ఆ గాలే. బాల్కనీ ఉంటే వాషింగ్ మిషన్, గీజరు లేని బాల్కనీ చూసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ గొడవ సగం లేదు, గరాజ్ ఉంటుంది, నేల సిమెంటు, పెద్ద తలుపు. వాళ్ల తంటా వేరు. చలికాలం గరాజ్‌లో పది డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోతే మామూలు చెక్క జిగురు సరిగ్గా పట్టదు. మూలన గ్యాసు వాటర్ హీటర్ ఉంటే దాని మంట ఉన్న గదిలో థిన్నరు, స్ప్రే పని చేయకూడదు.

ముగ్గు వేసి చూడండి

ఒకటి రెండు చోట్లు తేలాక టేపు, సుద్దముక్క తీసుకుని, లేదంటే ముగ్గుపిండితోనే, మీరు పెట్టాలనుకుంటున్న ప్రతి వస్తువునీ అసలు కొలతతో నేల మీద గీయండి. కాగితం మీద అన్నీ పడతాయి, నేల మీద గీస్తేనే మోకాలు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. మిషన్‌ని గీసి ఊరుకోకండి, కర్రని కూడా గీయండి. టేబుల్ సాలో ఎనిమిది అడుగుల పలకని నిలువునా చీరాలంటే బ్లేడుకి ముందు ఎనిమిది అడుగులు, వెనక ఎనిమిది అడుగులు, మధ్యలో బల్ల, వెరసి పద్దెనిమిది అడుగుల పైమాటే. అంత గది ఎవరికుంటుంది? అందుకే మిషన్‌ని తలుపుకి ఎదురుగా పెట్టడం అనే చిట్కా. కోసిన పలక తలుపులోంచి వరండాలోకి పోతుంది, పదకొండు అడుగుల గదిలో పద్దెనిమిది అడుగుల పని జరిగిపోతుంది. తలుపు లేకపోతే కిటికీ, కాకపోతే గ్రిల్ తీసి పెట్టగలిగే కిటికీ అయి ఉండాలి. పలకల్ని చదును చేసే ప్లేనరుకీ ఇదే లెక్క. ఒకేసారి రెండు మిషన్లు నడపరు కాబట్టి రెండిటి దారులూ ఒకదాని మీద ఒకటి పడినా పర్లేదు.

ఇప్పుడు తల పైకెత్తండి. ఎనిమిది బై నాలుగు షీటుని నిలబెట్టి తిప్పేటప్పుడు మూల నుంచి మూలకి దాదాపు తొమ్మిది అడుగులు. మన గదుల కప్పు తొమ్మిదిన్నర, పది ఉంటుంది, కానీ సీలింగ్ ఫ్యాను రెక్కలు దానికి అడుగో అడుగున్నరో కిందే ఉంటాయి. ఆరడుగుల పలకనైనా భుజం మీద పెట్టుకుని గిర్రున తిరిగారంటే పైకి లేచిన కొస ఫ్యాను రెక్కకి తగులుతుంది, రెక్క వంగితే ఫ్యాను అప్పట్నుంచి ఊగుతూనే ఉంటుంది. షాపులో సీలింగ్ ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెట్టించండి, అది కూడా మీ వీపు వైపు నుంచి తలుపు వైపు గాలి కొట్టేలా.

కింద నేల టైల్సా, గ్రానైటా? దాని మీద సన్నటి పొట్టు పడితే ఐసు మీద నిలబడ్డట్టే. తిరిగే బ్లేడు ముందు కాలు జారడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. షాబాదు బండలు, గరుకు సిమెంటు నేల ఎంతో నయం. టైల్స్ తప్పకపోతే జిమ్ముల్లో వేసే రబ్బరు మ్యాట్లు పరవండి. చప్పుడు కిందికి దిగకుండా కూడా కొంత ఆపుతాయి.

వానలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి

చోటు బాగున్న రోజు చూసి నిర్ణయం తీసుకోకండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి అరగంట కూర్చోండి. వాన కురుస్తున్నప్పుడు వెళ్లి జల్లు ఎంత దూరం వస్తుందో, రేకు కలిసే చోట ఎక్కడ కారుతుందో, నేల మీద నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. రాత్రి ఎనిమిదింటికి కూడా వెళ్లండి, ఎందుకంటే ఉద్యోగం చేసేవాళ్లకి పని జరిగేది అప్పుడే, దోమలూ వచ్చేది అప్పుడే.

తేమ ఉందేమో తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. రెండడుగుల పాలిథిన్ కవరు ముక్కని నేలకి, ఇంకోదాన్ని గోడకి నాలుగు వైపులా టేపు వేసి అతికించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు లోపలి వైపు చెమర్చి ఉంటే ఆ చోట కర్ర నిల్వ చేయకూడదు. కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే అడ్డంగానే తగ్గుతుంది, పొడవులో దాదాపు మారదు. ఆగస్టులో తేమ గదిలో సరిగ్గా పట్టేలా చేసిన సొరుగు ఏప్రిల్‌లో లొడలొడలాడుతుంది, ఏప్రిల్‌లో బిగుతుగా చేసింది ఆగస్టుకి బయటికి రానంటుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఇనుప బల్ల ఉన్న మిషన్‌కి వారం పట్టించుకోకపోతే తుప్పు మచ్చలు వస్తాయి, మైనం రుద్దుకుంటూ ఉండాలి, కాబట్టి సముద్రపు గాలి నేరుగా కొట్టే తెరిచిన షెడ్డు కంటే మూసిన గది మేలు. నిజామాబాద్, కర్నూలు వైపు బాధ వేరు. ఎండాకాలం జిగురు పూసి రెండో చెక్క తెచ్చేలోపే పొర కట్టేస్తుంది. అతికించే పని పొద్దున్నే పెట్టుకోవాల్సి వస్తుంది.

చెదలు సంగతి మర్చిపోకండి. నేల మీద మట్టికి దగ్గరగా ఉండే సందులో కర్రని గోడకి ఆనించి పెట్టకండి, ఇనుప స్టాండు మీద జానెడు ఎత్తున ఉంచండి.

మిక్సీ పరీక్ష

శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45. రూటరు (చెక్కలో గాడులు, అంచులు చెక్కే మిషన్), సర్క్యులర్ సా దగ్గర నిలబడితే వంద దాకా ఉంటుంది, మీ చెవులకి మఫ్స్ లేకుండా వాటిని ముట్టుకోకూడదు. గోడలు, దూరం ఎంత తగ్గిస్తాయో లెక్కలేసుకునే బదులు ఇంట్లో ఉన్న మిక్సీని అనుకున్న చోట పెట్టి ఇంట్లోవాళ్లని తిప్పమనండి, మీరు పక్కింటికి, అపార్ట్‌మెంటయితే కింది ఫ్లాటుకి కూడా వెళ్లి వినండి. మిక్సీ అంటే మీ మిషన్ కంటే చిన్న చప్పుడే, అదే గట్టిగా వినిపిస్తోందంటే ఇక రూటరు మాట ఎత్తక్కర్లేదు. ఈ వంకతో పక్కింటి ఆంటీకి, కింద అంకుల్‌కి సంగతి ముందే తెలుస్తుంది. చెప్పి చేసే చప్పుడుకీ చెప్పకుండా చేసే చప్పుడుకీ చాలా తేడా ఉంటుంది. వాళ్ల మధ్యాహ్నం కునుకు ఎప్పుడో, పిల్లల ఇంటర్ పరీక్షలు ఎప్పుడో కనుక్కుని రండి.

చేతిపని అయితే చప్పుడు ఉండదు అనుకోవద్దు. ఉలి మీద సుత్తితో కొట్టే దెబ్బ బల్ల కాలు గుండా స్లాబులోకి దిగి కింది ఇంట్లో ఠక్ ఠక్‌మని వినిపిస్తుంది, రూటరు కంటే అదే ఎక్కువ చిరాకు. బల్లని గది మధ్యలో కాకుండా పిల్లరు దగ్గర పెట్టి, కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేస్తే బాగా తగ్గుతుంది.

పొట్టు

చిత్రిక పట్టిన పొట్టుతో ఏ బాధా లేదు, ఊడ్చేస్తే పోతుంది. ఎమరీ పేపరు రుద్దినప్పుడు, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన షీటు) కోసినప్పుడు లేచే కంటికి కనిపించని దుమ్ముతోనే చిక్కు, అది గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ చెక్క దుమ్ముని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. భయపడి మానేయమని కాదు, చోటు ఎంచుకునేటప్పుడు దీన్ని పక్కకి నెట్టకండి అని. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోవాలి, రెండు తెరుపులు లేని గది మిషన్ పనికి వద్దు. షాపు తలుపు వంటింట్లోకో, ఏసీ గదిలోకో తెరుచుకోకూడదు. పొట్టు పీల్చే షాప్ వాక్యూమ్, ఎన్95 మాస్కు ఎలాగూ ఉండాలి.

బయటికి పోయే దుమ్ము ఎవరి మీద పడుతుందో కూడా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో పక్క డాబా మీద వడియాలు, ఆవకాయ మెంతి కారాలు, మాగాయ ముక్కలు ఎండుతుంటాయి. వాటి మీద టేకు పొట్టు పడిందంటే మీ షాపు గురించి కాలనీ అంతా తెలుస్తుంది.

కరెంటు, మంట

మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్టు, దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు, దీంతో మిషన్లు నడపకండి. 1,800 వాట్ల మిటర్ సా ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది, దానితో పాటు 1,200 వాట్ల వాక్యూమ్ నడిస్తే మొత్తం పదమూడు, మోటారు మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. మెయిన్ బోర్డు నుంచి ఈ చోటుకి విడిగా లైను, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాకు కొడితే కరెంటు ఆపేది), 16 ఆంపియర్ల సాకెట్లు, సరైన ఎర్తింగు కావాలి. బోర్డు నుంచి ఎంత దూరమైతే వైరు అంత మందం ఉండాలి, అందుకే దూరం కూడా చోటు లెక్కలోకి వస్తుంది. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎన్ని కిలోవాట్లుందో చూసి, చాలకపోతే పెంచుకోండి. వస్తువులు అమ్మడం మొదలుపెడితే ఇంటి కనెక్షన్ మీద నడపకూడదు, కేటగిరీ మారుతుంది. లైట్లు కొత్త ఎల్‌ఈడీలు పెట్టండి. చోకు ఉన్న పాత ట్యూబులైటు కింద తిరుగుతున్న బ్లేడు ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తుంది.

థిన్నరు, పాలిష్, వార్నిష్ ఉండే అల్మారా దేవుడి గదికి, గ్యాసు సిలిండరుకి, ఇన్వర్టరు బ్యాటరీకి దూరంగా ఉండాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పొట్టు బుట్టలో పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్టులో వేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే షాపుకి తాళం పడే తలుపు కావాలి, కర్టెను కాదు.

ఇంట్లో ఏ చోటూ కుదరకపోతే

ఇది కూడా ఒక జవాబే, బలవంతంగా బెడ్‌రూమ్‌లోకి దూర్చకండి. ఊరి చివర ఒక షట్టరు అద్దెకు తీసుకోవచ్చు. అప్పుడు మీటరు ఏ కేటగిరీదో, వెనక గోడకి కిటికీ పెట్టుకోనిస్తారో లేదో ముందే అడగండి, ఎందుకంటే షట్టరు గదికి ఒక్కటే తెరుపు ఉంటుంది, పొట్టు పోయే దారి ఉండదు. దగ్గర్లో సామిల్లు ఉంటే పలకలు చీరడం, చదును చేయడం అక్కడ చేయించుకుని మిగతా చేతిపని బాల్కనీలో చేసుకోవచ్చు, కొందరికి ఇదే శాశ్వత ఏర్పాటు అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే రాయదుర్గం దగ్గర 2023లో తెరిచిన టీ-వర్క్స్ అనే ప్రభుత్వ వర్క్‌షాపులో చెక్క పని మిషన్లున్నాయి. బయటివాళ్లు వాడుకోవడానికి షరతులు, చార్జీలు ఏమిటో ముందు కనుక్కుని వెళ్లండి.

చోటు దొరికిందా, మొదటి రెండు మూడు నెలలు దేన్నీ గోడకి బిగించకండి. మిషన్లన్నిటినీ బ్రేకులున్న చక్రాల మీద పెట్టి రెండు స్టూళ్లు, ఒక చిన్న బల్ల చేసి చూడండి. మీ చేయి ఎటు పోతోందో, కర్ర ఎక్కడ అడ్డం తగులుతోందో అప్పుడు తెలుస్తుంది. ఆ రెండు మూడు నెలలూ పైకి కనిపించే కేసింగు పైపుల్లో తాత్కాలికంగా లైను లాగించుకోండి, గోడ కొట్టి సాకెట్లు పెట్టే ఎలక్ట్రీషియన్‌ని ఆ తర్వాతే పిలవండి. సాకెట్లు నేలకి మూడున్నర అడుగుల ఎత్తున, బల్ల కంటే పైన పెట్టమనండి. కింద పెడితే నిలబెట్టిన షీట్ల వెనకాల పడిపోతాయి.